జానపద బాణీల సంరక్షకుడు – ఫ్రాన్సిస్ ఓనీల్

పరాయి నేలపై నిలిచి జన్మభూమి సంగీతాన్ని కాపాడినవారు చరిత్రలో అరుదు. అట్టివారిలో ఐర్లండు దేశీయులైన ఫ్రాన్సిస్ ఓనీల్ ఒకరు. ఆయన సంగీత విద్వాంసులు కారు; వృత్తిచేత పోలీసు అధికారి. స్వరలిపి వ్రాయడం కూడ ఆయనకు రాదు. అయినను ఐర్లండు జానపద సంగీతం నేడు సజీవంగా ఉన్నదంటే అందులో ఆయన కృషి పాలు చాల ఉన్నదని మేము భావిస్తున్నాము.

ఓనీల్ 1848 ఆగస్టు 28వ తేదీన కార్క్ మండలంలోని ట్రాలిబేన్ గ్రామంలో జన్మించారు. అది ఐర్లండును మహాక్షామం పీడించిన కాలం. ఆ కరవులో సుమారు పదిలక్షలమంది మరణించారు. లక్షలాదిమంది సముద్రాలు దాటి వలసపోయారు. మనుషులతోపాటు వారి కంఠాల్లోని పాటలు, వ్రేళ్ళలోని బాణీలు కూడ చెల్లాచెదరయ్యాయి. ఓనీల్ పదహారేండ్ల ప్రాయంలో ఇల్లు విడిచి నావికుడయ్యారు. పసిఫిక్ మహాసముద్రంలో ఆయన ప్రయాణిస్తున్న ఓడ పగిలిపోగా, వేరొక నౌక ఆయనను రక్షించింది. ఆ నౌకలో తిండి కొరత. అయితే వేణువుపై ఆయనకున్న నేర్పును మెచ్చి ఒక హవాయీ నావికుడు తన ఆహారంలో భాగం పంచి ఇచ్చాడట!

1873లో ఆయన అమెరికాలోని చికాగో పోలీసు శాఖలో చేరారు. చేరిన కొద్దిరోజులకే ఒక దొంగ పేల్చిన తుపాకి గుండు శరీరంలో దిగింది. జీవితాంతం దానిని మోస్తూనే ఆయన అంచెలంచెలుగా ఎదిగి, 1901 నుండి 1905 వరకు ఆ నగర పోలీసు ప్రధానాధికారిగా పనిచేశారు.

ఐర్లండులో ఒక మండలపు బాణీ మరొక మండలంవారికి తెలిసేది కాదు. చికాగోలో మాత్రం అన్ని మండలాల వాద్యకారులు ఒకచోట చేరారు. తమ తరంతో ఈ సంపద అంతరించిపోతుందని ఓనీల్ గ్రహించారు. తమ శాఖలోనే ఉన్న జేమ్స్ ఓనీల్ అనే ఫిడేలు విద్వాంసునితో చేతులు కలిపారు. ఇంటిపేరు ఒకటే గాని వారు బంధువులు కారు. ఫ్రాన్సిస్ తమకు జ్ఞాపకమున్న బాణీలను వినిపించగా జేమ్స్ స్వరలిపిలో వ్రాసేవారు. ఆ విధంగా 1903లో 1,850 బాణీల గ్రంథం వెలువడింది. 1907లో ఆయన కేవలం బాణీలతోనే 1,001 నృత్యగీతాల సంపుటం వెలువరించారు. వాద్యకారులు దానిని ప్రమాణగ్రంథంగా స్వీకరించారు.

ఓనీల్ మనసు దోచుకొన్నది తిత్తి, ఫిడేలు జంటవాద్యం. ఐరిష్ తిత్తిని నోటితో ఊదరు. మోచేతి క్రింద కొలిమితిత్తి వంటి సాధనంతో గాలి నింపుతారు. వ్రేళ్ళతో బాణీ పలికిస్తూ, మణికట్టుతో మీటలు నొక్కి తోడు స్వరాలు చేరుస్తారు. జంటవాద్యంలో ఇరువురూ ఒకే బాణీని వాయిస్తారు. శ్రుతి ఒకటే, గమకాలు వేరు. ఒకరినొకరు వినకుంటే అది పొసగదు. చికాగోలో జేమ్స్ ఎర్లీ తిత్తి, జాన్ మెక్‌ఫాడెన్ ఫిడేలు ఇట్టి జంట. ఆ కాలపు వాద్యకారుల వాదనను ఓనీల్ మైనపు గొట్టాలపై ముద్రింపజేశారు. సుమారు 1904 నాటి ఆ ముద్రణలలో కొన్ని చిరకాలం మరుగునపడి, తిరిగి లభించి, 2010లో లోకానికి వినిపించాయి.

ఇంతటి సేవ చేసినవారి ఇంట మాత్రం విషాదమే మిగిలింది. కుమారులు ఒక్కొక్కరే చిన్నతనంలో మరణించగా, మిగిలిన రోజర్స్ కూడ 1904లో కన్నుమూశాడు. ఆపై భార్య మనసెరిగి ఆ యింట సంగీతం వినిపించలేదు. అయినా ఆయన సేకరణ మానలేదు. తన యింట మూగబోయిన పాటను పరుల పిల్లలకోసం భద్రపరచిన ఆ తండ్రి హృదయం ఎంతటిదో విద్యార్థులు యోచింపవలెను. 1931లో తమ గ్రంథాలయాన్ని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయానికి సమర్పించి, 1936 జనవరిలో ఓనీల్ పరమపదించారు. 2017లో ఐరిష్ తిత్తివాద్యాన్ని యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

ఉర్దూలో సీనా బ సీనా అంటారు – గుండె నుండి గుండెకు అందే విద్య అని అర్థం. ఒక గుండె ఆగితే ఆ గొలుసు తెగుతుంది. మన యిండ్లలో నానమ్మలు, దాదీలు పాడే పాటలకు కూడ ఇదే గతి పట్టవచ్చును. వాటిని నేడే విని వ్రాసికొనడం మన ధర్మం. అందుకు విద్వత్తు అవసరం లేదు. వినే చెవి, ఓర్పు చాలునని ఓనీల్ జీవితం మనకు బోధిస్తున్నది.