చార్లెస్ ట్వీడ్: తన ట్రీట్‌మెంట్ తప్పని ఒప్పుకున్న పళ్ల డాక్టర్.. క్లిప్పులకు ముందు తల ఎక్స్‌రే ఎందుకంటే?

పళ్లకు క్లిప్పులు వేయించుకోడానికి వెళ్తే ముందుగా తలకు పక్క నుంచి ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్మ్ మీద గీతలు గీసి, కోణాలు కొలుస్తారు. దీని వెనక ఓ డాక్టర్ పశ్చాత్తాపం కథ ఉంది.

ఆయన పేరు చార్లెస్ ట్వీడ్. 1895లో అమెరికాలోని అరిజోనాలో పుట్టారు. ఆధునిక ఆర్థోడాంటిక్స్‌కు పితామహుడైన ఎడ్వర్డ్ యాంగిల్‌కు ప్రియ శిష్యుడు. గురువు సిద్ధాంతం ఒక్కటే: వంకర పళ్లు సరిచేయాలంటే ఒక్క పన్ను కూడా పీకకూడదు. అన్నీ ఉంచే వరుసలోకి తేవాలి. యాంగిల్ 1930లో చనిపోయారు.

అరిజోనాలో ప్రాక్టీస్ పెట్టిన ట్వీడ్ కొన్నేళ్లు గురువు చెప్పినట్టే చేశారు. కానీ పాత పేషెంట్లను మళ్లీ చూస్తే షాక్! చాలామందికి మూతి ముందుకు పొడుచుకొచ్చింది. కొందరికి పళ్లు మళ్లీ వంకర తిరిగాయి. వేరే ఎవరైనా అయితే రిటైనర్ సరిగ్గా పెట్టుకోలేదని పేషెంట్ మీదకే నెట్టేసేవారేమో. ట్వీడ్ అలా చేయలేదు. బాగా కుదిరిన కేసులు, చెడిపోయిన కేసులు పక్కపక్కన పెట్టి నాలుగేళ్లు పరిశీలించారు.

తేలిందేంటంటే.. ముఖం అందంగా ఉన్నవాళ్లలో కింది ముందు పళ్లు దవడ ఎముక మీద నిటారుగా నిలబడి ఉన్నాయి. చెడిపోయిన వాళ్లలో ముందుకు వాలిపోయాయి. వాటిని వెనక్కి తేవాలంటే చోటు కావాలి. అందుకే కోర పళ్ల వెనకుండే చిన్న దవడ పళ్లు నాలుగు తీసేసి, ఆ పేషెంట్లకే మళ్లీ ట్రీట్‌మెంట్ చేశారు. అది కూడా ఫీజు లేకుండా!

1936లో ఈ విషయం బయటపెట్టగానే యాంగిల్ శిష్యబృందం భగ్గుమంది. గురుద్రోహి అన్నంత పని చేశారు. యాంగిల్ భార్య అన్నా కూడా గట్టిగా వ్యతిరేకించారు. ట్వీడ్ మాటలతో వాదించలేదు. 1940లో మొదట పళ్లు తీయకుండా, తర్వాత తీసి ట్రీట్ చేసిన 100 కేసుల రికార్డులు అందరి ముందూ పరిచారు.

మరి ఎవరికి తీయాలి, ఎవరికి అక్కర్లేదు? ఇక్కడే ఎక్స్‌రే పనికొచ్చింది. 1931లో క్లీవ్‌లాండ్‌కు చెందిన హాలీ బ్రాడ్‌బెంట్ తల కదలకుండా పట్టి ఉంచి, 5 అడుగుల దూరం నుంచి ఎక్స్‌రే తీసే పద్ధతి తెచ్చారు. ట్వీడ్ ఆ ఫిల్మ్ మీద మూడు గీతలతో త్రికోణం గీశారు. ఒకటి చెవి రంధ్రం పైనుంచి కంటి గుంత కింది అంచు వరకు, రెండోది కింది దవడ అడుగు వెంట, మూడోది కింది ముందు పన్ను మీదుగా. లెక్క 25, 65, 90 డిగ్రీలు. 65 ఉండాల్సిన చోట బాగా తగ్గిందంటే పన్ను ముందుకు వాలినట్టే. అప్పుడు చోటు ఎంత కావాలో లెక్కేసుకోవచ్చు. 1954లో ఈ పద్ధతి మీద ఆయన వ్యాసం వచ్చింది.

అయితే ఆ అంకెలు అమెరికా తెల్లవాళ్ల ముఖాల నుంచి వచ్చినవి. మన దేశంలో చేసిన అధ్యయనాల్లో కింది ముందు పళ్లు ఇంకాస్త ముందుకు వాలి ఉండటం మామూలేనని తేలింది. ఆయన తర్వాత అవసరం లేకపోయినా పళ్లు పీకేస్తున్నారన్న విమర్శలూ వచ్చాయి.

ట్వీడ్ 1970లో కన్నుమూశారు. టూసాన్‌లో ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్‌కు కోర్సు కోసం ఇప్పటికీ దేశదేశాల డాక్టర్లు వెళ్తుంటారు.