పచారీ కొట్టు పేరున్న నక్షత్రం

అమెరికాలోని మెంఫిస్ ఊళ్ళో ఆర్డెంట్ అనే రికార్డింగ్ స్టూడియో ఉంది. 1971లో నలుగురు కుర్రాళ్ళు అక్కడ రాత్రిళ్ళు కూర్చుని పాటలు కట్టుకునేవాళ్ళు. బృందానికి పేరు కావలసి వచ్చినప్పుడు ఎదురుగా ఉన్న పచారీ కొట్టు బోర్డు కనిపించింది. బిగ్ స్టార్. అదే పెట్టుకున్నారు. మరుసటి ఏడు వచ్చిన తొలి ఆల్బమ్‌కి నంబర్ వన్ రికార్డ్ అని పేరు పెట్టారు. కుర్రతనం, ధీమా, మెంఫిస్ ఎండ, అన్నీ ఆ పేర్లలోనే ఉన్నాయి. ఆ రికార్డు అప్పట్లో పది వేల కాపీలు కూడా అమ్ముడుపోలేదు.

ఆ నలుగురిలో ఒకరు ఆలెక్స్ చిల్టన్. 2010 మార్చి 17న న్యూ ఆర్లియన్స్‌లో పోయారు. వయసు 59. ఏటా మార్చి వస్తే ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపిస్తుంది. రాయబోతే ఏదో అడ్డుపడేది. అది ఏమిటో ఇన్నాళ్ళకు తెలిసింది గనుక ఇప్పుడు రాస్తున్నాను.

ఉద్యోగం నన్ను 2007లో మెంఫిస్ తీసుకెళ్ళింది. ఆ ఊళ్ళో మనవాళ్ళు తక్కువేమీ కాదు, కంప్యూటర్ పని మీద వచ్చినవాళ్ళే ఎక్కువ. చుట్టాలెవరు వచ్చినా ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు చూపించడం నా వంతు. ఒక శనివారం పాత రికార్డుల కొట్లో సరదాకి దూరినప్పుడు స్పీకర్లలో ఒక పాట వస్తోంది. ఒక గిటారు, ఒక లేత గొంతు, వెనకాల మెల్లగా మరో గొంతు. పదమూడేళ్ళ పిల్లవాడు తోటి పిల్లతో మాట్లాడుతున్నట్టుంది. కొట్టతన్ని అడిగాను. "థర్టీన్, బిగ్ స్టార్‌ది, ఇక్కడివాళ్ళే" అన్నాడు. మొదటి రెండు ఆల్బమ్‌లూ ఒకే సీడీలో దొరుకుతాయని చెప్పి తీసిచ్చాడు. ఆ రాత్రి రెండు సార్లు మొదటి నుంచి చివరి దాకా విన్నాను.

ఆ పాటల్లో ఏముందో చెప్పాలంటే ముందు బీటిల్స్‌ని తలుచుకోవాలి. ఇంగ్లండులో 1960లలో పుట్టిన ఆ తీపి బాణీలు, గొంతుకు గొంతు జోడించే పద్ధతి, గణగణ మోగే గిటార్లు ఈ మెంఫిస్ పిల్లలకు ప్రాణం. 1972 నాటికి రాక్ ఎటో వెళ్ళిపోయింది. పాటలు సాగిపోయాయి, గిటారు వాయింపులు బారెడయ్యాయి. అలాంటప్పుడు వీళ్ళు మూడు నిమిషాల పాట దగ్గరే నిలబడ్డారు. గడిచిపోయిన దాని మీద బెంగ పెట్టుకుని పాడారు, అప్పటికి వాళ్ళకు నిండా పాతికేళ్ళు లేవు. ఆ బెంగే నన్ను పట్టుకుంది. ఊరు విడిచి వచ్చినవాడికి అది తెలియని భాష కాదు.

చిల్టన్ అప్పటికే ఒక జీవితం జీవించేసి వచ్చాడు. 1967లో, పదహారేళ్ళ వయసులో, బాక్స్ టాప్స్ అనే బృందానికి ది లెటర్ అనే పాట పాడాడు. నిండా రెండు నిమిషాలు లేని ఆ పాట అమెరికాలో నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది. విన్నవాళ్ళు ఎవరో నలభై ఏళ్ళ మనిషి గరగరలాడే గొంతుతో పాడాడనుకుంటారు. ఏం పాడాలో, ఎలా పాడాలో పెద్దవాళ్ళు చెప్పేవారు, పిల్లవాడు పాడేవాడు. 1970లో అది వదిలేసి ఇంటికొచ్చాడు. బిగ్ స్టార్‌లో వినిపించే సన్నటి, తడబడే గొంతు అతని అసలు గొంతు. పేరు తెచ్చిన గొంతును పక్కన పెట్టి సొంత గొంతు ఎత్తుకోవడానికి ఎంత ధైర్యం కావాలో గాయకులకు తెలుసు.

బిగ్ స్టార్ తొలి రికార్డు ఇంత మంచిదైనా ఎందుకు అమ్ముడుపోలేదు? పాటలో లోపం లేదు. పత్రికలు మెచ్చుకున్నాయి. ఆర్డెంట్ రికార్డులను కొట్లకు చేర్చే బాధ్యత మెంఫిస్‌కే చెందిన స్టాక్స్ కంపెనీది. నల్లజాతి సోల్ సంగీతానికి స్టాక్స్ పుట్టిల్లు, తెల్ల కుర్రాళ్ళ గిటారు పాటలు అమ్మడం దానికి అలవాటు లేని పని. అంతలో స్టాక్స్ తన పంపిణీ మొత్తం కొలంబియా కంపెనీకి అప్పగించింది. ఆ మార్పులో ఈ చిన్న రికార్డును పట్టించుకున్నవాళ్ళు లేరు. రేడియోలో విని కొట్టుకు వెళ్ళినవాడికి సరుకు లేదు. నలుగురిలో ఒకడైన క్రిస్ బెల్ తట్టుకోలేకపోయాడు. బృందం ఆలోచన అతనిదే, తొలి ఆల్బమ్ శబ్దాన్ని చెక్కిందీ అతనే. 1972 చివరికి బయటికి వెళ్ళిపోయాడు. 1978లో ఒకే ఒక్క సొంత రికార్డు విడుదల చేసి, ఆ డిసెంబరులోనే కారు ప్రమాదంలో పోయాడు. 27 ఏళ్ళు. అతని తల్లిదండ్రుల గురించి ఆలోచించకుండా ఆ రికార్డు వినలేను.

మిగిలిన ముగ్గురూ 1974లో రేడియో సిటీ తెచ్చారు. దాని అట్ట మీద ఎర్రటి కప్పు, మధ్యలో వేలాడే బల్బు, తెల్లటి తీగలు. విలియం ఎగుల్‌స్టన్ తీసిన ఆ ఫోటో ఇప్పుడు రంగుల ఛాయాచిత్ర చరిత్రలో పాఠం. ఆయన చిల్టన్ ఇంటికి వచ్చిపోయే కుటుంబ స్నేహితుడు. ఆ ఆల్బమూ అమ్ముడుపోలేదు. అదే ఏడు మూడో ఆల్బమ్ రికార్డు చేశారు. ఒక మనిషి లోపల ఇల్లు కూలుతుంటే గోడల చప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది. తీసుకునే కంపెనీ లేక నాలుగేళ్ళు మూలన పడి 1978లో వెలుగు చూసింది. అప్పటికి బృందమే లేదు. అడవి గాచిన వెన్నెల అని మన పెద్దలు అన్నది ఇలాంటి దాన్నే.

కానీ ఆ అడవిలో కొద్దిమంది తిరుగుతున్నారు. 1973లో మెంఫిస్‌లో రాక్ సంగీత విమర్శకులను పోగు చేసి ఒక సమావేశం పెట్టారు, అక్కడ బిగ్ స్టార్ వాయించింది. విన్న విమర్శకులు ఊళ్ళకు వెళ్ళి రాశారు. చదివినవాళ్ళు రికార్డు కోసం వెతికారు. దొరికినవాళ్ళు క్యాసెట్ల మీద ఎక్కించి స్నేహితులకు ఇచ్చారు. అలా చేతి నుంచి చేతికి, పదేళ్ళు. 1980లలో ఆ క్యాసెట్లు విన్న పిల్లలే బృందాలు కట్టారు. ఆర్.ఇ.ఎం. వాళ్ళు ఎక్కడ అడిగినా ఈ పేరు చెప్పారు. బ్యాంగిల్స్ 1986లో బిగ్ స్టార్ పాట సెప్టెంబర్ గర్ల్స్‌ని మళ్ళీ పాడారు. 1987లో రీప్లేస్‌మెంట్స్ ఒక పాటకు ఆలెక్స్ చిల్టన్ అనే పేరే పెట్టారు. బతికున్న మనిషి, పాత్రలు కడిగి పొట్టపోసుకుని వచ్చిన మనిషి, ఒక పాటకు పేరయ్యాడు. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక అయిదు వందల గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేస్తే బిగ్ స్టార్ మూడు ఆల్బమ్‌లూ అందులో ఉన్నాయి.

పాత్రలు కడిగిన మాట నిజమే. 1980ల మొదట్లో చిల్టన్ న్యూ ఆర్లియన్స్ వెళ్ళి హోటల్లో పాత్రలు కడిగారు, చెట్లు కొట్టారు. తాగుడు మానుకున్నారు. ఆ ఊరిని తన ఊరు చేసుకున్నారు.

నాకు అడ్డుపడిన సంగతి ఇప్పుడు చెబుతాను. బిగ్ స్టార్ పేరు ఒక గుర్తింపు కార్డు. హిప్‌స్టర్ అని ఇంగ్లీషువాళ్ళు పిలిచే కుర్రకారు దాన్ని జేబులో పెట్టుకు తిరిగారు. బీటిల్స్ అందరికీ తెలుసు, బిగ్ స్టార్ తెలిసినవాడు మాత్రం మనవాడు. నేనూ ఆ కార్డు వాడాను. ఆఫీసులో కొత్తగా చేరిన అమెరికన్ కుర్రాడు నన్ను కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిగా మాత్రమే చూస్తున్నప్పుడు ఆ పేరు ఎత్తాను. అతని కళ్ళు మారాయి. ఆ మార్పు నాకు హాయిగా అనిపించింది, దాచను. మా నాన్న తరంలోనూ ఇది ఉంది. ఘంటసాల అందరికీ ప్రాణమే, కానీ రావు బాలసరస్వతీదేవి లలిత గీతాల రికార్డు ఎవరింట్లో ఉందో వాళ్ళ మాటకు ఒక బరువుండేది. వెతికి సంపాదించుకున్నవాడికి ఆ పాట మీద ప్రేమ ఎక్కువే. ఆ ప్రేమను తక్కువ చేయను. బిగ్ స్టార్ పాటలను ఇరవై ఏళ్ళు కాపాడింది అదే. కంపెనీలు చేయలేదు, రేడియో చేయలేదు. తమకు మాత్రమే తెలుసని మురిసిపోయిన పిల్లలే చేశారు.

కానీ చిల్టన్ ఆ కార్డు మీద సంతకం పెట్టలేదు. 1980లలో కచేరీకి వచ్చినవాళ్ళు బిగ్ స్టార్ పాటల కోసం కేకలు వేస్తుంటే ఆయన పాత సోల్ పాట ఎత్తుకునేవారు, ఇటాలియన్ పాట వొలారే ఎత్తుకునేవారు. ఆ వొలారే 1987లో ఆల్బమ్‌లో కూడా పాడారు. ఇది జనాన్ని ఏడిపించడానికి చేస్తున్నాడని చాలామంది రాశారు. నేనూ చాలాకాలం అలాగే అనుకుని కాస్త నొచ్చుకున్నాను. మీరు కన్న అద్భుతాన్ని మీరే కాలదన్నితే మేమేం కావాలి అనుకున్నాను.

ఆ వొలారే మళ్ళీ మళ్ళీ విన్నాక నా మనసు మారింది. వెక్కిరింపు ఎక్కడా లేదు. పాట అంటే ఇష్టమున్న మనిషి ఇష్టంగా పాడుతున్నాడు. పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో అరిగిపోయిన పాట అని రసికులు వదిలేసిన దాన్ని ఆయన తీసి తుడిచి పెట్టారు. ఆయనకు పాటల్లో కులాలు లేవు. తన ఇరవై రెండేళ్ళ వయసు బెంగను మేము అద్దాల పెట్టెలో పెట్టి పూజ చేస్తుంటే, ఆ పెట్టెలో తాను కూర్చోనన్నారు. మా జ్ఞాపకానికి ఆయన కాపలాదారు కాదు. పదహారేళ్ళప్పుడు పెద్దవాళ్ళు చెప్పిన గొంతుతో పాడిన మనిషి, అభిమానులు చెప్పిన గొంతుతో మళ్ళీ ఎందుకు పాడాలి?

అయినా 1993లో మిస్సోరి విశ్వవిద్యాలయం విద్యార్థులు పిలిస్తే వెళ్ళారు. పాత డ్రమ్మర్ జోడీ స్టీవెన్స్, పోజీస్ బృందం నుంచి ఇద్దరు కుర్రాళ్ళతో బిగ్ స్టార్ మళ్ళీ నిలబడింది. ఆ తర్వాత చివరిదాకా అప్పుడప్పుడూ వాయించారు. ఆయన, బెల్ కలిసి రాసిన ఇన్ ది స్ట్రీట్ టీవీలో ఒక హాస్య ధారావాహికకు మొదటి పాటైంది. 1998 నుంచి ఇళ్ళలో లక్షల మంది విన్నారు, ఎవరిదో తెలియకుండానే.

2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు ఆయన ఇల్లు వదిలి కదల్లేదు. రోజుల తరబడి ఆచూకీ లేక స్నేహితులు తల్లడిల్లారు, చివరికి హెలికాప్టర్‌లో బయటికి తెచ్చారు. మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళారు. 2010 మార్చిలో అస్వస్థత పాలయ్యారు, గుండెపోటు. అంతకు ముందు వారంలోనే ఊపిరి అందక ఇబ్బంది పడ్డారని, ఆరోగ్య బీమా లేకపోవడం డాక్టరు దగ్గరకు వెళ్ళకపోవడానికి ఓ కారణమని భార్య తర్వాత చెప్పారు. అంతమంది పిల్లలకు గిటారు పట్టుకోవడం నేర్పిన మనిషికి డాక్టరు దగ్గరకు వెళ్ళే వీలు లేకపోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆయన పోయిన మరుసటి రోజు మెంఫిస్ నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు స్టీవ్ కోహెన్ వాషింగ్టన్‌లో సభలోనే ఆయనకు నివాళి అర్పించారు. మూడు రోజులకు, మార్చి 20న, ఆస్టిన్‌లో బిగ్ స్టార్ కచేరీ ముందే నిర్ణయమై ఉంది. రద్దు చేయలేదు. ఆయన పాటలు ఒక్కొక్కటి ఒక్కొక్కరు పాడారు. తొలి నలుగురిలో ఒకడైన ఆండీ హమ్మెల్ కూడా వచ్చి వేదిక ఎక్కారు. ఆయన ఆ జూలైలో క్యాన్సర్‌తో వెళ్ళిపోయారు. నలుగురిలో జోడీ స్టీవెన్స్ ఒక్కరే మిగిలారు.

నేను చిల్టన్‌ని ప్రత్యక్షంగా ఎప్పుడూ చూడలేదు. నేనున్న ఊళ్ళో పుట్టిన ఆయన పాటలు విన్నాను, అంతే. ఇప్పుడు ఏ పాటైనా ఫోన్లో క్షణంలో దొరుకుతుంది. థర్టీన్ తెలిసినవాణ్ణని చెప్పుకునే అవసరం ఎవరికీ లేదు. నా కార్డు చెల్లదు. నాకు దిగులేమీ లేదు.

ఈ మధ్య ఎక్కువగా వినేది ఆయన 1993లో చేసిన క్లిషేస్. అందులో ఆయన, ఒక గిటారు, ఇంకెవరూ లేరు. అన్నీ తన పుట్టుకకు ముందువో, తన చిన్నతనంలోవో అయిన జాజ్ పాటలు, మధ్యలో బాక్ రాసిన గావోట్ అనే ఒక చిన్న నాట్య బాణీ. చిల్టన్ నాన్న సిడ్నీ జాజ్ వాయించేవారు. అమ్మ ఇంట్లోనే చిత్రకళా గ్యాలరీ నడిపేవారు. సాయంత్రం అయితే మెంఫిస్‌లోని ఆ ఇంటికి చిత్రకారులు, వాయిద్యగాళ్ళు చేరేవాళ్ళు. ఆ రికార్డులో చిల్టన్ గొంతు పెద్దగా ఎత్తరు. పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, నాన్న పియానో మూత అప్పుడే మూసినట్టు, మెల్లగా పాడుకుంటారు.