వేగు పని తెలిసిన వెండితెర డిటెక్టివ్ బాసిల్ రాత్‌బోన్

డిటెక్టివ్ నవలలు చదివే వారిలో షెర్లాక్ హోమ్స్ పేరు వినని వారు ఉండరు. ఆ పాత్ర ధరించిన నటులు ఎందరో ఉన్నా బాసిల్ రాత్‌బోన్‌ది ప్రత్యేక స్థానం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన తెర మీద హోమ్స్‌గా జర్మనీ గూఢచారుల ఆట కట్టించారు. అంతకు పాతికేళ్ల ముందు అసలు యుద్ధభూమిలో ప్రాణాలకు తెగించి వేగు పని చేసిన మనిషి కూడా ఆయనే.

రాత్‌బోన్ 1892 జూన్ 13న దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్‌లో జన్మించారు. తండ్రి గనుల ఇంజనీరు. ఆ ప్రాంతం అప్పట్లో బోయర్ల ఏలుబడిలో ఉండేది. బోయర్లకు, ఇంగ్లీషు వారికి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోజులవి. తండ్రి బ్రిటిష్ గూఢచారి అన్న నింద రావడంతో కుటుంబమంతా ప్రాణాలు దక్కించుకుని ఇంగ్లండుకు పారిపోయింది. అప్పటికి బాసిల్ మూడేళ్ల పసివాడు. గూఢచారి అన్న మాట ఆ విధంగా ఊహ తెలియని వయసులోనే ఆయన బతుకులోకి వచ్చింది.

ఇంగ్లండులో రెప్టన్ పాఠశాలలో చదివేటప్పుడే నాటకాల మీద మోజు పెరిగింది. తండ్రి మాట కాదనలేక ఒక ఏడాది బీమా కంపెనీలో గుమాస్తాగిరీ చేశారు. ఆ తర్వాత 1911లో, తమకు బంధువైన ఫ్రాంక్ బెన్సన్ నడిపే నాటక సమాజంలో చేరి షేక్‌స్పియర్ నాటకాలలో చిన్న చిన్న వేషాలు వేశారు.

అంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రాత్‌బోన్ మామూలు సిపాయిగా సైన్యంలో చేరి, తర్వాత లెఫ్టినెంటుగా లివర్‌పూల్ స్కాటిష్ పటాలానికి వెళ్లారు. ఫ్రాన్సులో శత్రువుల ఆనుపానులు తెలుసుకునే అధికారిగా ఆయనను నియమించారు. తమ్ముడు జాన్ కూడా ఆ యుద్ధంలోనే ఉన్నాడు. 1918 జూన్‌లో జాన్ యుద్ధంలో చనిపోయాడు.

ఆ దుఃఖం ఆరకముందే రాత్‌బోన్ ఒక సాహసానికి పూనుకున్నారు. రెండు సైన్యాల కందకాల మధ్య ఉండే ఖాళీ నేల మీదికి అడుగు పెడితే తుపాకీ గుండుకు ఎర కావడమే. వేగు చూసే వారు చీకటి పడ్డాక మాత్రమే అటు వెళ్లేవారు. చీకట్లో కనిపించేదీ, తెలిసేదీ తక్కువ. పట్టపగలే వెళతానని ఆయన పై అధికారులను ఒప్పించారు. ఒంటికి ఆకులూ కొమ్మలూ కట్టుకుని, ముఖానికి మసి పూసుకుని, చెట్టూ చేమల్లో కలిసిపోయి అంగుళం అంగుళం పాకుతూ వెళ్లేవారు. 1918 జూలైలో ఇద్దరు ముగ్గురు తోడుగా శత్రువుల కందకంలోకే దిగారు. ఎదురుపడిన జర్మన్ సిపాయిని కాల్చి, అతని దగ్గరున్న కాగితాలు తీసుకుని, మరతుపాకులు మోగుతుండగా ముళ్లకంచె దాటి తిరిగి వచ్చారు. ఈ సాహసానికి ప్రభుత్వం మిలిటరీ క్రాస్ పతకం ఇచ్చింది.

యుద్ధం ముగిశాక మళ్లీ నాటకరంగానికి, అక్కడి నుంచి హాలీవుడ్‌కు చేరుకున్నారు. పొడగరి, కోల ముఖం, సూది చూపు. దుష్టపాత్రలు వెతుక్కుంటూ వచ్చాయి. కత్తియుద్ధంలో ఆరితేరిన వారైనా 1935లో వచ్చిన కెప్టెన్ బ్లడ్, 1938లో వచ్చిన రాబిన్ హుడ్ చిత్రాలలో కథానాయకుడు ఎరాల్ ఫ్లిన్ చేతిలో ఓడిపోవడమే ఆయన వంతయింది. సహాయ నటుడుగా రెండుసార్లు ఆస్కార్ పోటీలో నిలిచినా బహుమతి దక్కలేదు.

1939లో హోమ్స్ పాత్ర వచ్చింది. డాక్టర్ వాట్సన్‌గా నైజెల్ బ్రూస్ కుదిరారు. ఆయన కూడా మొదటి యుద్ధంలో కాలికి గుళ్లు తగిలిన సైనికుడే. ఆ ఏడాది వచ్చిన రెండు చిత్రాలూ గుర్రపు బండ్ల కాలం నాటి కథలు. 1942లో యూనివర్సల్ కంపెనీ ఈ వరుసను చేపట్టి, హోమ్స్‌ను ఏకంగా హిట్లర్ కాలానికి తీసుకువచ్చింది.

ఆ వరుసలో మొదటిది షెర్లాక్ హోమ్స్ అండ్ ది వాయిస్ ఆఫ్ టెర్రర్. జర్మన్ రేడియోలో ఒక గొంతు వినిపిస్తుంది. ఇంగ్లండులో జరిగే విధ్వంసాలను అది జరుగుతుండగానే చాటి జనాన్ని బెదరగొడుతుంది. నిజంగానే ఆ రోజుల్లో విలియం జాయిస్ అనేవాడు జర్మనీ నుంచి ఇంగ్లీషులో ఇలాంటి ప్రసారాలు చేసేవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సినిమాలో హోమ్స్ పట్టుకుంటాడు. దేశ రహస్యాలు కాపాడే పెద్దల సంఘంలోనే శత్రువు మనిషి కూర్చున్నాడని తేలుస్తాడు. తర్వాతి రెండు చిత్రాలలో ఒకటి బాంబును గురి తప్పకుండా వేసే యంత్రం గురించి, మరొకటి అగ్గిపుల్లల మడతలో దాచిన రహస్య ఫిల్ము గురించి. యుద్ధ భయంతో ఉన్న ప్రేక్షకులకు ఈ చిత్రాలు ధైర్యం చెప్పాయి.

1946 నాటికి మొత్తం 14 హోమ్స్ చిత్రాలు పూర్తయ్యాయి. అదే పాత్రను ఆయన రేడియోలోనూ ఏళ్ల తరబడి వినిపించారు. చివరికి ఎక్కడికి వెళ్లినా జనం హోమ్స్ అనే పిలిచేవారు. తన పేరే మరుగున పడుతోందన్న బాధతో ఆ పాత్ర మానుకుని న్యూయార్క్ నాటకరంగానికి వెళ్లారు. ది హెయిరెస్ నాటకంలో కఠిన హృదయుడైన తండ్రి పాత్రకు 1948లో టోనీ బహుమతి అందుకున్నారు. అయినా హోమ్స్ వదలలేదు. 1953లో భార్య వీడా రాసిన హోమ్స్ నాటకం మూడు ప్రదర్శనలతోనే ఆగిపోయింది. నైజెల్ బ్రూస్ మరణించిందీ ఆ నెలలోనే. తర్వాత బతుకు తెరువు కోసం చిన్నా చితకా దయ్యాల సినిమాలలోనూ నటించారు. 1962లో ఆత్మకథ ప్రచురించారు.

రాత్‌బోన్ 1967 జూలై 21న న్యూయార్క్‌లో గుండెపోటుతో 75వ ఏట కన్నుమూశారు. ఆయన వద్దనుకున్న పాత్రే ఆయన పేరును నిలబెట్టింది. తమ్ముడు పోయిన నెలరోజులకు ముళ్లకంచెల మధ్య పాకిన ఆ యువకుడిని గుర్తుంచుకున్న వారు మాత్రం తక్కువ.