వంటింటి శాస్త్రవేత్త ఆగ్నెస్ పాకెల్స్ గారు



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుల జీవితం రాసివ్వమని సంఘం వారు అడిగారు. ప్రకాశం పంతులు గారి గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను సైన్సు చదివినవాణ్ణి కాను, పొదిలిలో స్థిరపడిన రిటైర్డు గుమస్తాను. అయినా కాలేజీ మెట్లెక్కకుండా, ఇంటి చాకిరీ చేసుకుంటూనే ఒక శాస్త్రానికి పునాది వేసిన ఆగ్నెస్ పాకెల్స్ గారి గురించి రాయాలనిపించింది.

ఆమె 1862 ఫిబ్రవరి 14న వెనిస్ నగరంలో జన్మించారు. తండ్రి ఆస్ట్రియా సైన్యంలో అధికారి. అక్కడి మలేరియాతో ఇంటిల్లిపాదీ ఆరోగ్యం చెడింది. తండ్రి అనారోగ్యం మీద ముందుగానే ఉద్యోగ విరమణ చేయగా, 1871లో కుటుంబం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణం చేరింది. ఆగ్నెస్ ఆడపిల్లల హైస్కూలులో చదివారు. ఆమెకు భౌతికశాస్త్రం అంటే ప్రాణం. కాని ఆనాడు అక్కడి విశ్వవిద్యాలయాలు స్త్రీలను చేర్చుకునేవి కావు. తరువాత వీలు కలిగినా తల్లిదండ్రుల కోరిక మీద మానుకున్నారు. మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు ఫ్రీడ్రిష్ గొట్టింగెన్‌లో చదివి ప్రొఫెసరయ్యాడు. తమ్ముడు పంపిన పుస్తకాలే అక్కగారికి కాలేజీ.

పెళ్లి చేసుకోలేదు. వంట, అంట్లు, జబ్బుపడిన తల్లిదండ్రుల సేవ, ఇదే ఆమె దినచర్య. రోజూ ఆడవారు విసుక్కుంటూ పారబోసే అంట్ల నీళ్లను ఆమె నిలబడి గమనించారు. జిడ్డు చేరిన నీటి పైపొర, శుభ్రమైన నీటి పైపొర ఒకేలా ప్రవర్తించడం లేదు.

దీని సంగతి కొంచెం చెప్పాలి. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. లోపలి అణువుకు అన్ని వైపులా తోడు ఉంటుంది. పైనున్న దానికి పైవైపున నీటి తోడు లేదు. అందుచేత పైపొర బిగిసి ఉంటుంది. దీన్నే తలతన్యత అంటారు. సబ్బు అణువుకు, కుంకుడు రసంలోని అణువుకు ఒక కొస నీటిని కోరేది, మరొక కొస నీటికి ముఖం చాటేసేది. అందువల్ల అవి పైకి చేరి, తల నీటిలో, తోక గాలిలో పెట్టుకుని నిలబడతాయి. బిగువు సడలుతుంది, నీరు బట్ట పోగుల్లోకి దిగుతుంది. మా వైపు ఉప్పు నీళ్ల బోర్ల కింద బట్టలుతికిన వారికి ఇంకొకటి తెలుసు. ఆ నీటిలోని సున్నపు లవణాలు సబ్బును ముందే పట్టి తెట్టు కట్టిస్తాయి. ఇక పైపొరకు చేరేది తక్కువ, నురగా తక్కువే. కుంకుడుకాయకు ఆ బాధ అంతగా లేదు.

ఆగ్నెస్ ఇరవై ఏళ్ల వయసుకే దీన్ని కొలిచే సాధనం తయారుచేసుకున్నారు. 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు గల రేకు తొట్టిని అంచుల దాకా నీటితో నింపి, అడ్డంగా ఒక రేకు పట్టీ పెట్టారు. పట్టీని జరిపితే పైపొర వైశాల్యం పెరుగుతుంది, తగ్గుతుంది. నీటికి అంటుకున్న చిన్న బిళ్లను పైకి లాగడానికి ఎంత బరువు కావాలో త్రాసుతో తూచారు. తేలిందేమంటే, జిడ్డు పలచగా ఉన్నంతవరకు బిగువు దాదాపు మారదు. చోటు తగ్గిస్తూ పోతే ఒక హద్దు వస్తుంది. అది దాటగానే బిగువు గబగబా పడిపోతుంది. ఆ హద్దు దగ్గర జిడ్డు అణువులు ఒకే వరుసగా, భుజం భుజం ఆనించి నిలబడ్డాయన్నమాట.

ఈ లెక్కలు దాదాపు పదేళ్లు ఇంట్లోనే ఉండిపోయాయి. ఇంగ్లండులో రేలీ ప్రభువు ఇదే విషయం మీద పనిచేస్తున్నారని తెలిసి, 1891 జనవరి 10న ఆయనకు జర్మన్ భాషలో ఉత్తరం రాశారు. రేలీ గారి భార్య దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. రేలీ గారు ఆ ఉత్తరాన్ని నేచర్ పత్రికకు పంపగా, మార్చి 12న ఆమె పేరుతోనే అచ్చయింది.

ఇది చదివినప్పుడు గుమస్తాగా నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో మూడు నెలలు కూర్చుని తయారుచేసిన పట్టిక పైవారి పేరుతో వెళ్లింది. నోటు రాసిన చేయి ఎవరిదో ఫైలులో ఎవరికీ కనిపించదు. మనలో చాలామందికి ఇది అనుభవమే. రేలీ గారు తలుచుకుంటే ఆ ఫలితాలను తన వ్యాసంలో కలిపేసుకోవచ్చు. కాగితాన్ని ఉన్నదున్నట్లు పైకి పంపారు. 1904లో నోబెల్ బహుమతి పొందిన ఆ పెద్దమనిషికి దీనివల్ల తరిగిపోయిందేమీ లేదు.

తరువాత కూడా ఆమె వ్యాసాలు ప్రచురించారు. కాని తల్లిదండ్రుల సేవ పెరిగిన కొద్దీ ప్రయోగాలకు సమయం తగ్గింది. 1913లో తమ్ముడు పోయాడు. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది. అమెరికాలో లాంగ్‌మ్యూర్ గారు అదే రకపు తొట్టిని మెరుగుపరచి, 1917లో ఒక అణువు మందం గల పొరల సంగతి వివరంగా ప్రకటించారు. 1932లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే సంవత్సరం బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాలయం డెబ్బై ఏళ్ల ఆగ్నెస్ గారికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1935 నవంబరు 21న ఆమె కన్నుమూశారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి నేడు ఆసుపత్రుల్లో వేసే మందు కూడా తలతన్యతను తగ్గించేదే.

ఆమె తల్లిదండ్రులు చెడ్డవారు కారు, జబ్బు మనుషులు. వారికి సేవ కావలసి వచ్చింది. నాకూ డెబ్బై దాటాయి. నా మందులు, నా అన్నం ఇంట్లో ఒకరి చేతుల మీదే నడుస్తున్నాయి. మిత్రులారా, మనకు కంచం పెట్టే కూతురో, కోడలో ఏం చదవాలనుకున్నదో మనలో ఎందరం అడిగాము? పెన్షను పడిన రోజున ఒక పుస్తకం కొనిపెట్టి, ఒక పూట ఆమె చేతి పని మనం అందుకుంటే మన గౌరవానికి లోటు రాదు.