హౌండ్ డాగ్: ఆ పాటను మొదట పాడిన బిగ్ మామా థార్న్‌టన్

హౌండ్ డాగ్ పాట పేరు వినగానే లోకానికి గుర్తొచ్చేది ఎల్విస్ ప్రెస్లీ. కానీ 1956లో ఆయన దాన్ని రికార్డు చేసే నాటికే ఆ పాటకు నాలుగేళ్ల చరిత్ర ఉంది. దానికి తొలి గొంతు విల్లీ మే థార్న్‌టన్ అనే నల్లజాతి గాయనిది. భారీ విగ్రహం, అంతకు మించిన కంఠం ఉన్న ఆమెకు బిగ్ మామా అన్న పేరే స్థిరపడింది.

1926 డిసెంబరు 11న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఆమె జన్మించారు. తండ్రి బాప్టిస్టు మతబోధకుడు, తల్లి చర్చిలో పాడేవారు. తల్లి మరణించాక చదువు ఆగిపోయింది. ఒక మద్యశాలలో జనం ఉమ్మి వేసే పాత్రలు కడిగే పనికి కుదిరారు. అక్కడి గాయని రాని ఒక రాత్రి పాడే అవకాశం దక్కింది. 14 ఏళ్ల వయసులో ఒక సంచార ప్రదర్శన బృందంతో కలిసి ఊరు విడిచి, దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరిగారు. డ్రమ్స్, మౌత్ ఆర్గాన్ ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇతరులను చూస్తూ నేర్చుకున్నారు.

1948లో టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో స్థిరపడ్డారు. ఆ నగరంలోని పీకాక్ రికార్డ్స్ సంస్థ కోసం 1952 ఆగస్టు 13న లాస్ ఏంజెలెస్‌లో హౌండ్ డాగ్ పాడారు. దాన్ని రాసిన జెర్రీ లీబర్, మైక్ స్టోలర్‌లకు అప్పటికి 19 ఏళ్లే. స్త్రీ సంపాదన మీద బతుకుతూ, మాయమాటలతో మళ్లీ గడప తొక్కిన మగవాణ్ని ఒక స్త్రీ బయటికి గెంటేయడం ఆ పాట వస్తువు. అందులో కుక్క అన్నది తిట్టు. థార్న్‌టన్ దాన్ని తీరిగ్గా, గొంతులో గుర్రుమంటూ, నడుమ నడుమ గిటారిస్టును ఉసిగొల్పుతూ పాడారు. చివర్లో వాద్యకారులు కుక్కల్లా ఊళలు వేశారు. 1953లో అది రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఏడు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. ఐదు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ఆమెకు ముట్టింది 500 డాలర్లు.

అనుకరణలు ఆ ఏడాదే మొదలయ్యాయి. మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ సంస్థ మగవాడి తరఫు జవాబుగా బేర్ క్యాట్ అనే పాట విడుదల చేసి, కోర్టులో ఓడింది. 1955లో ఫ్రెడ్డీ బెల్ బృందం మాటలు మార్చింది. తిట్టులోని కుక్క నిజం కుక్కగా, అదీ కుందేలును పట్టలేని కుక్కగా మారిపోయింది. ఎల్విస్ లాస్ వేగాస్‌లో విన్నది ఆ పాఠమే. అంటే ఆయన పాటను అందుకున్నది నేరుగా థార్న్‌టన్ నుంచి కాదు. అయితే ఆమె కోపం ఎక్కడికి పోయింది? కుందేలు మాటల్లో దానికి చోటు లేదు. 1956 జులై 2న న్యూయార్క్‌లో రికార్డయిన ఎల్విస్ పాట 11 వారాలు అమెరికా పాప్ జాబితాలో అగ్రస్థానంలో ఉంది. తర్వాత దాన్ని పాడినవారు ఎక్కువగా ఆ బాటే పట్టారు. ఇప్పటికి 250కు పైగా రికార్డింగులున్నాయి. పాట ఆమె రాసింది కాదు కనుక, ఎందరు పాడినా రాయల్టీలో ఆమెకు వాటా లేదు.

తాను స్వయంగా రాసిన బాల్ అండ్ చెయిన్ విషయంలోనూ ఆమెకు న్యాయం జరగలేదు. మొదట రికార్డు చేసిన సంస్థ పాటను విడుదల చేయలేదు, హక్కులు మాత్రం అట్టిపెట్టుకుంది. 1967లో మాంటెరీ వేదికపై జానిస్ జాప్లిన్ ఆ పాటతోనే ప్రసిద్ధురాలయ్యారు. జాప్లిన్ ముందుగా ఆమె అనుమతి కోరారు, మూల గాయనిగా ఆమెను గౌరవించారు. దానివల్ల థార్న్‌టన్‌కు కచేరీలు పెరిగాయి. హక్కుల సొమ్ము మాత్రం రాలేదు.

మద్యం ఆమె ఆరోగ్యాన్ని తినేసింది. చివరి రోజుల్లో ఆ భారీ దేహం సగానికి పైగా చిక్కిపోయింది. అయినా పాడటం మానలేదు, కుర్చీలో కూర్చునే కచేరీలు చేశారు. 1984 జులై 25న లాస్ ఏంజెలెస్‌లో 57 ఏళ్ల వయసులో గుండెపోటుతో మరణించారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎల్విస్‌కు 1986లోనే స్థానమిచ్చింది. థార్న్‌టన్ పేరు అందులో చేరింది 2024లో. ఇంగిల్‌వుడ్ శ్మశానవాటికలో ఆమె సమాధిని మరో ఇద్దరితో పంచుకుంటున్నారు. ఒకే ఫలకంపై ముగ్గురి పేర్లు ఉన్నాయి.