8 కంపెనీలు వద్దన్నాయి.. హైదరాబాద్ రమ్మంది! తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ కథ తెలుసా?

మంచిర్యాల: మంచిర్యాల నుంచి ఢిల్లీ పోవాలంటే ఇప్పటికీ రైలే దిక్కు. ఫ్లైటే ఎక్కాలనుకుంటే శంషాబాద్‌కో, నాగపూర్‌కో పోవాల్సిందే. కానీ దాదాపు 80 ఏళ్ల కిందటే మన హైదరాబాద్‌కు సొంత ఎయిర్‌లైన్స్ ఉండేదని తెలుసా? హైదరాబాద్ నుంచి నాగపూర్ మీదుగా ఢిల్లీకి ఆ విమానాలు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వైపు ఆకాశం నుంచే వెళ్లేవి. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌కు మొదటి ఉద్యోగం ఇచ్చింది కూడా ఆ కంపెనీయే. ఆమె పేరు ప్రేమ్ మాథుర్.

ముందు కంపెనీ సంగతి చూద్దాం. పేరు డెక్కన్ ఎయిర్‌వేస్. 1945లో నిజాం ప్రభుత్వం, టాటా ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టాయి. 1946లో సర్వీసులు మొదలయ్యాయి. బేగంపేట ఎయిర్‌పోర్టే దీని ఇల్లు. నడిపింది డకోటా విమానాలు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన డకోటాలు మన దేశంలో చాలా ఉండేవి. అప్పట్లో పుట్టిన చిన్న చిన్న ఎయిర్‌లైన్స్ చాలావరకు వాటితోనే బతికాయి. రెండు ఇంజన్లు, తోక కింద చిన్న చక్రం, లోపల ఇరవై పైచిలుకు సీట్లు.. అంతే. ఇప్పటి జెట్‌ల లాగా మేఘాలు దాటి పైకి పోలేవు కాబట్టి వానాకాలంలో కుదుపులు మామూలే.

మధ్యలో నాగపూర్ ఎందుకంటారా? దేశానికి నడిబొడ్డు కదా. 1949లో రాత్రి మెయిల్ విమానాలు మొదలైనప్పుడు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి వచ్చినవన్నీ అక్కడే కలిసి, ఉత్తరాల సంచులు మార్చుకుని వెనక్కి తిరిగేవి.

ఇక ప్రేమ్ మాథుర్ దగ్గరికి వద్దాం. ఈమెది ఉత్తరప్రదేశ్. అలహాబాద్‌లో చదువుకున్నారు, విమానం నడపడం కూడా అక్కడే నేర్చుకున్నారు. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేతికొచ్చింది. అంతకు పదకొండేళ్ల ముందే, 1936లో, సరళా ఠక్రాల్ చీరకట్టుతో విమానం నడిపి చరిత్ర సృష్టించారు. అయితే టికెట్ కొన్న ప్రయాణికులను ఎక్కించుకుని, జీతానికి విమానం నడపడం వేరే లెక్క. ఆ తలుపు అప్పటిదాకా ఏ ఆడపిల్లకీ తెరుచుకోలేదు.

ప్రేమ్ మాథుర్‌కూ అంత ఈజీగా తెరుచుకోలేదు. ఎనిమిది ఎయిర్‌లైన్స్‌కు అప్లై చేస్తే ఎనిమిదీ వద్దన్నాయి. కారణం వింటే కోపం రాక మానదు. ఆడమనిషి నడుపుతోందంటే జనం భయపడి విమానం ఎక్కరట! లైసెన్స్ ఉన్నా, పరీక్షలన్నీ పాసైనా అదే మాట. చివరికి డెక్కన్ ఎయిర్‌వేస్ పిలిచి కో-పైలట్ ఉద్యోగం ఇచ్చింది. ఆ ఏడాదే ఆమె హైదరాబాద్ వచ్చేశారు.

జనం భయపడ్డారా? విమానాలైతే ఆగలేదు. ఇందిరా గాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి లాంటివాళ్లు కూడా ఆమె నడిపిన విమానాల్లో ప్రయాణించారు. 1949లో నేషనల్ ఎయిర్ రేస్ గెలిచారు. మగ పైలట్లతో పోటీపడి మరీ!

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. కాక్‌పిట్‌లో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు కో-పైలట్‌ది. కో-పైలట్ మ్యాప్ చూడాలి, రేడియో చూసుకోవాలి, అవసరమైతే విమానం నడపాలి. చివరి నిర్ణయం మాత్రం ఎడమ సీటుదే. కెప్టెన్ కావడానికి కావాల్సిన గంటలు పూర్తయ్యాక ప్రేమ్ మాథుర్ ఆ సీటు అడిగారు. డెక్కన్ ఎయిర్‌వేస్ ఒప్పుకోలేదు. ఉద్యోగం ఇచ్చేంత ధైర్యం చేసిన కంపెనీకి కెప్టెన్‌ను చేసే ధైర్యం మాత్రం లేకపోయింది. రేస్ గెలిచిన మనిషికి ఇంకేం పరీక్ష పెట్టాలో మరి!

ఆమె సర్దుకుపోలేదు. హైదరాబాద్ వదిలి ఢిల్లీ వెళ్లిపోయారు. కొంతకాలం పారిశ్రామికవేత్త జి.డి. బిర్లాకు సొంత పైలట్‌గా చేశారు. మన దగ్గర గోదావరి దాటితే బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంట్ ఫ్యాక్టరీ, పక్కన పాత రన్‌వే ఉన్నాయి కదా.. ఆ ఫ్యాక్టరీ కూడా బిర్లాల కుటుంబం పెట్టిందే. అదంతా చాలా తర్వాతి సంగతి అనుకోండి.

1953లో కేంద్రం ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం తెచ్చింది. ఆగస్టు 1 నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్‌తో పాటు మిగతా ప్రైవేట్ కంపెనీలు కలిసిపోయి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయింది. డెక్కన్ పేరు అక్కడితో చెరిగిపోయింది. అదే ఏడాది ప్రేమ్ మాథుర్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. హరికృష్ణ మాథుర్‌ను పెళ్లి చేసుకున్నారు, ఆరుగురు పిల్లలు. 1992 డిసెంబర్ 22న కన్నుమూశారు.

ఆమె పనిచేసిన బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు మారిపోయాయి. ఇప్పుడు మన దేశంలో పైలట్లలో సుమారు 15 శాతం మహిళలేనని పౌర విమానయాన శాఖ చెప్తోంది. ప్రపంచ సగటు 5 శాతం దగ్గరే ఉంది.