హైదరాబాదుకు వచ్చిన స్కాట్లండ్ డాక్టరు: సర్ థామస్ లాడర్ బ్రంటన్

ప్రతి రోగంతోపాటు దాని మందును కూడా అల్లాహ్ పుట్టించాడనీ, దాన్ని వెతికి పట్టుకోవడం మనిషి పని అనీ మన పెద్దలు చెబుతూ వచ్చారు. అలా వెతికినవారు ఏ దేశం వారైనా, ఏ మతం వారైనా మనకు గౌరవనీయులే. అటువంటి ఒకరి జీవితాన్ని ఈ సావనీరు ద్వారా సభ్యులకూ, వారి కుటుంబాలకూ పరిచయం చేయాలని మేము తలచాము.

గుండెనొప్పి ఉన్న మన దాదాలు, నానాలు జేబులోనో, దిండు కిందనో ఒక చిన్న బిళ్ళ ఉంచుకోవడం చాలా ఇళ్ళలో చూస్తాం. ఛాతీలో నొప్పి రాగానే డాక్టరు చెప్పిన ప్రకారం దాన్ని నాలుక కింద పెట్టుకుంటారు. కాసేపట్లో నొప్పి తగ్గుతుంది. అది నైట్రేట్ జాతి మందు. ఆ జాతి మందులను గుండెనొప్పికి వాడే దారి మొదట చూపించినవారు సర్ థామస్ లాడర్ బ్రంటన్. ఈయన మన హైదరాబాదుకు వచ్చి పనిచేసి వెళ్ళారన్న సంగతి చాలామందికి తెలియదు.

బాల్యం, చదువు

బ్రంటన్ 1844 మార్చి 14న స్కాట్లండ్‌లోని రాక్స్‌బరో ప్రాంతంలో జన్మించారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. 1866లో డాక్టరు పట్టా పొందారు. గుండెజబ్బుకు వాడే డిజిటాలిస్ అనే మందు మీద ఆయన రాసిన పరిశోధన వ్యాసానికి బంగారు పతకం వచ్చింది. మందు ఇస్తే రోగం తగ్గిందా లేదా అన్నంతవరకే ఆగిపోకుండా, అది ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తోంది, ఎందుకు చేస్తోంది అని అడిగే స్వభావం ఆయనకు అప్పుడే అలవడింది.

రాత్రిపూట వచ్చే నొప్పి

1867లో ఆయన ఎడింబరో రాయల్ ఇన్ఫర్మరీ ఆస్పత్రిలో హౌస్ ఫిజీషియన్. వయసు 23 ఏళ్ళు. అక్కడ ఒక రోగికి రాత్రిళ్ళు ఛాతీలో భరించలేని నొప్పి వచ్చేది. ఆ రోజుల్లో ఇచ్చే మందులేవీ పనిచేయలేదు. కొంచెం రక్తం తీస్తే మాత్రం కాస్త ఉపశమనం కలిగేది. బ్రంటన్ రోగి మంచం పక్కన కూర్చుని, నాడిని కాగితం మీద గీతగా గీసే పరికరంతో పరీక్షించారు. నొప్పి వచ్చినప్పుడు రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతోందని గమనించారు. అయితే ఆ ఒత్తిడిని తగ్గించేది ఏదైనా ఉంటే నొప్పీ తగ్గాలి కదా అని ఆలోచించారు.

అమైల్ నైట్రైట్ అనే ద్రవాన్ని వాసన చూస్తే మొహం ఎర్రబడుతుందని అంతకుముందే రసాయన శాస్త్రజ్ఞులకు తెలుసు. అది రక్తపు ఒత్తిడిని తగ్గిస్తుందని ఆయన మిత్రుడు ఆర్థర్ గామ్జీ చూపించారు. బ్రంటన్ దాన్ని కొన్ని చుక్కలు గుడ్డ మీద వేసి రోగి చేత పీల్పించారు. నిమిషం తిరగకుండానే నొప్పి మాయమైంది! ఆ ఏడాది జులైలో ఈ సంగతి లండన్ వైద్య పత్రిక 'ది లాన్సెట్'లో అచ్చయింది. 1879లో విలియం మరెల్ అనే డాక్టరు నైట్రోగ్లిసరిన్‌ను ఇదే నొప్పికి వాడి, ఫలితం ఎక్కువసేపు ఉంటుందని చూపించారు. మన పెద్దల బిళ్ళ ఆ వరసలోనిదే.

తర్వాత బ్రంటన్ యూరప్ వెళ్ళి, లైప్‌జిగ్‌లో కార్ల్ లూడ్విగ్ వంటి గొప్ప గురువుల దగ్గర పనిచేసి వచ్చారు. లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూస్ ఆస్పత్రిలో చేరి మందుల శాస్త్రం బోధించారు. సర్ జోసెఫ్ ఫేరర్‌తో కలిసి మన దేశపు పాముల విషం మీద పరిశోధనలు చేశారు. 1874లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1885లో వెలువడిన ఆయన ఫార్మకాలజీ గ్రంథం వైద్య విద్యార్థులకు ఎంతో ఉపయోగపడింది.

నిజాం ఖర్చుతో హైదరాబాదుకు

ఇక మన ఊరి కథకు వద్దాం. ఆపరేషన్‌కు ముందు మత్తు కోసం క్లోరోఫారం ఇవ్వడాన్ని 1847లో ఎడింబరోలో సింప్సన్ ప్రారంభించారు. కొద్ది నెలలకే, 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి పడుకుని, క్లోరోఫారంతో ప్రాణం విడిచింది. అలాంటి మరణాలు మళ్ళీ మళ్ళీ జరిగాయి. ముందు ఆగేది శ్వాసా, గుండా? మత్తు ఇచ్చేవాడు దేన్ని కనిపెట్టుకుని ఉండాలి? దీని మీద డాక్టర్లు రెండు వర్గాలయ్యారు.

హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా, మెడికల్ స్కూలు అధిపతిగా ఉన్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, శ్వాసను చూసుకుంటే చాలు, భయం లేదు అనే వర్గంవారు. 1888లో ఇక్కడ మొదటి క్లోరోఫారం కమిషన్ జరిపి తన మాటే నిజమన్నారు. 'ది లాన్సెట్' ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వారి ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. మీరే మీ మనిషిని పంపండి, ఖర్చు మేము భరిస్తాం అని 1,000 పౌన్లు ఇవ్వజూపింది. ప్రపంచమంతటికీ పనికివచ్చే ఒక ప్రశ్న కోసం మన గడ్డ మీది ప్రభుత్వం అలా ముందుకు రావడం మనం గుర్తుంచుకోవలసిన విషయం.

ఆ పత్రిక ఎంచుకున్నది బ్రంటన్‌నే. క్లోరోఫారం నేరుగా గుండెను కూడా ఆపగలదని నమ్మినవారు ఆయన. 1889 చివరి నెలల్లో ఇక్కడ లారీ, బామ్‌ఫర్డ్, మన డాక్టర్ రుస్తుంజీ హకీంలతో కలిసి పనిచేశారు. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి 490 జంతువుల మీద పరీక్షలు జరిగాయి. ఇవాళ చదువుతుంటే ఆ మూగజీవాల కోసం మనసు కలుక్కుమంటుంది. డిసెంబరులో బ్రంటన్ లండన్‌కు తంతి పంపారు. అపాయం శ్వాస ఆగడం వల్లా, మోతాదు మించడం వల్లా వస్తున్నదే తప్ప నేరుగా గుండె వల్ల కాదని తేలినట్లు అందులో తెలిపారు. అంటే తన పాత అభిప్రాయం తప్పని, తనను పంపిన పత్రికకే చెప్పుకున్నారన్న మాట! పేరు ప్రతిష్ఠలు వచ్చిన తర్వాత ఆ పని చేయడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ, మత్తు తేలికగా ఉన్న సమయంలోనే క్లోరోఫారం గుండె లయను చెడగొట్టి హఠాత్తుగా ఆపగలదని నిరూపించారు. శ్వాసను కనిపెట్టాలి, మోతాదు మించరాదు అన్న హైదరాబాదు మాట నిలిచింది. గుండెకు భయం లేదన్న మాట నిలవలేదు. బ్రంటన్ మొదటి అనుమానంలోనూ నిజం ఉందన్నమాట. వందల పరీక్షలు చేసినా మనిషి జ్ఞానానికి హద్దు ఉంటుంది. అంతా తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే. తర్వాతి కాలంలో ఇంతకంటె మంచి మత్తుమందులు రావడంతో క్లోరోఫారం వాడకం పోయింది.

చివరి రోజులు

ఆయనకు 1900లో సర్ బిరుదు, 1908లో బారోనెట్ హోదా వచ్చాయి. 1902లో, గుండెలో మూసుకుపోతున్న మైట్రల్ కవాటాన్ని ఆపరేషన్‌తో వెడల్పు చేయవచ్చేమోనని రాస్తే తోటి డాక్టర్లు తీవ్రంగా విమర్శించారు. 1925లో హెన్రీ సౌటర్ అనే సర్జను లండన్‌లో ఒక అమ్మాయి గుండెలో వేలు పెట్టి ఆ పని చేసి చూపించారు. అది చూడడానికి బ్రంటన్ లేరు. బడిపిల్లలకు వ్యాయామం, వైద్యపరీక్ష ఉండాలని కూడా ఆయన పాటుపడ్డారు. 1909లో భార్య పోయారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఒక కొడుకు బలయ్యాడు. ఆ దుఃఖంతోనే 1916 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

మన పిల్లల్లో ఎందరో ఇవాళ మెడిసిన్, ఫార్మసీ చదువుతున్నారు. వారికి మేము చెప్పదలచింది ఒక్కటే. రోగి పక్కన కూర్చుని వినండి, చూడండి, ఎందుకని అడగండి. మీరు అనుకున్నది తప్పని తేలితే ఒప్పుకోవడానికి సిగ్గుపడకండి. ఈసారి దాదా జేబులోని బిళ్ళ కనిపించినప్పుడు, ఆ రోగి మంచం పక్కన కూర్చున్న 23 ఏళ్ళ కుర్రవాణ్ణి ఒకసారి తలచుకోండి.